కూర్చున్న మనిషి అడుగులు

వినీత్ ఆ బ్యాండ్లు తెచ్చి పంచిన రోజున అందరికంటే ఎక్కువ సంబరపడింది నర్సింహమ్మే. ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు పక్కనున్న ఆ నర్సరీలో ఆమె ఇరవై ఆరేళ్లుగా మామిడి అంట్లు కడుతోంది. పండుగలకు చీరలు వచ్చాయి గానీ, ఇలాంటి వస్తువు ఆమె చేతికి రావడం అదే మొదలు. నల్ల రబ్బరు పట్టీ, దాని మీద అగ్గిపెట్టెలో సగమంత తెర. ఆమె సన్నటి మణికట్టుకు పట్టీ వదులైతే, పక్కనే కూర్చుని అంట్లు కట్టే కోడలు యమున కత్తి మొనతో ఇంకో బెజ్జం పొడిచి బిగించింది.

"గిది ఏం జేస్తదే?"

"ఎన్ని అడుగులు నడిచినవో చెప్తది అత్తమ్మా. గుండె ఎట్ల కొట్టుకుంటున్నదో, ఎంతసేపు పండుకున్నవో గూడ చెప్తదంట."

"నాకు తెల్వదా?" అంది నర్సింహమ్మ. అన్నదే గానీ, ఆ రోజంతా తెరను కొంగుతో తుడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున యమున తెర చూసి, తొమ్మిది గంటలు నిద్రపోయావట అని చెప్పింది.

"అబద్ధం. కన్నే మూయలే. మీ మామ యాదికొచ్చిండు. కదలకుండ పన్న, అంతే."

"కదలకపోతే నిద్రనే అనుకుంటది అత్తమ్మా."

"గట్లనా," అని నర్సింహమ్మ దానికేసి జాలిగా చూసింది.

వినీత్ నర్సరీ యజమాని రాంచంద్ర అల్లుడు. మామ మోకాలికి ఆపరేషన్ అయ్యాక, ఎండాకాలంలో తన ఉద్యోగం మానేసి నర్సరీ చూసుకోవడానికి వచ్చాడు. తుర్కయాంజాల్‌లో అపార్ట్‌మెంట్, రోజూ తెల్లారి నడక, చేతికి అదే రకం బ్యాండు. చవకగా దొరికాయని ఇరవై రెండు తెప్పించాడు. ఆడవాళ్ల ఆరోగ్యం కోసమన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ రెండో వారంలో షెడ్డు గోడకు తెల్ల బోర్డు ఒకటి మేకు కొట్టించి, సాయంత్రం పని దిగేటప్పుడు ఒక్కొక్కరి చేయి చూసి, పేరు పక్కన అడుగులు రాయడం మొదలుపెట్టాడు. వారంలో ఎక్కువ నడిచినవాళ్లకు బహుమతి అన్నాడు.

ఆ బోర్డు వచ్చాక ఆడవాళ్లు ఆ బ్యాండు గుణాలన్నీ మూడు రోజుల్లో కనిపెట్టేశారు. తోపుడుబండి తోస్తే అది అడుగులు లెక్కపెట్టదు, చేతులు కదలవు గనక. పొద్దున జొన్నరొట్టెలు కొట్టేటప్పుడు పెట్టుకుంటే ఉన్నచోటనే పదిహేను వందల అడుగులు పడతాయి. కూర్చుని అంట్లు కట్టేవాళ్లు లెక్క అలాగే పెంచుకున్నారు, నర్సింహమ్మ తప్ప. అంట్ల షెడ్డులోనే పనిచేసే సునంద ఒకనాడు అన్నాలు తినేటప్పుడు దాన్ని సొరకాయకు చుట్టింది. తెర మీద డెబ్బై ఆరు అని వచ్చింది.

"ఓయమ్మో, సొరకాయకు గుండె కొట్టుకుంటున్నదే!"

"కొట్టుకోదా? కత్తిపీట కనవడ్తున్నది దానికి," అంది నర్సింహమ్మ. అందరూ పడీపడీ నవ్వారు.

ఆ నవ్వు నవ్విన వారంలోనే, శనివారం సాయంత్రం, వినీత్ బోర్డు ముందు నిలబడి నర్సింహమ్మ చేయి అందుకుని చూశాడు. మళ్లీ చూశాడు.

"మూడు వందల పన్నెండు," అన్నాడు అందరికీ వినబడేలా. "పొద్దటి సంది పొద్దుగూకే దాక మూడు వందల పన్నెండు అడుగులు! ఏం నర్సింహమ్మా, ఇంట్ల మంచం లేదా? కూసోనీకె ఇంతదూరం వస్తున్నవ్?"

నవ్వులు లేచాయి. నర్సింహమ్మ చుట్టూ చూసింది. "నా పని కూసునే జేస్తరు సార్," అంది.

"అందరు అట్లనే అంటరు. వయసైంది, ఇంట్ల రెస్ట్ తీస్కో. సోమవారం నుంచి రాకు."

ఆ చివరి మాట అతను మెత్తగానే అన్నాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఆ మెత్తదనమే యమునకు ముల్లులా దిగింది. నర్సింహమ్మ బ్యాండు విప్పి అతని చేతిలో పెట్టింది. తను కూర్చునే గోనెసంచి దులిపి మడిచింది. కత్తిని గుడ్డలో చుట్టి రొండిన దోపుకుని గేటు దాటింది.

ఇంటికొచ్చిన ఆ సాయంత్రం నుంచి ఆమె మంచం మీద కూర్చోలేదు. పండుకోలేదు కూడా. నేల మీద చాప వేసుకుంది. కొడుకు రమేశ్ ఎల్బీనగర్ దాకా షేర్ ఆటో తోలి వచ్చి, "ఏందే అమ్మా, నడుము వట్టేస్తది, మంచమెక్కు," అంటే వినలేదు.

"ఆ ఒక్క నర్సరీనే ఉన్నదా? నాదర్‌గుల్ దిక్కు మస్తుగున్నయ్. నేను మాట్లాడ్త," అన్నాడు రమేశ్.

"నాకు ఏరే దగ్గెర కూసోవస్తదారా?" అంది ఆమె. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

యమున మాత్రం ఆ చాపను చూసినప్పుడల్లా ఒక్కటే అనుకునేది. ఆ బోర్డు ముందే, ఆ ఆడవాళ్ల ముందే, వినీత్ నోట మాట రాకుండా నిలబడాలి. అత్తను వాళ్లే పిలిచి ఆ జాగాలో కూర్చోబెట్టాలి. అప్పటిదాకా తనకు నిమ్మళం లేదు. అత్త కోసమే ఇదంతా అని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట కింద ఇంకొకటి ఉంది. ఆ శనివారం లేచిన నవ్వుల్లో తనదీ ఒకటి. అందరితో పాటు, ఆపుకునేలోపలే, చిన్నగా బయటికి వచ్చేసింది. అత్త చుట్టూ చూసినప్పుడు ఆ చూపు తన మీద ఎంతసేపు ఆగిందో యమునకు తెలుసు. వినీత్‌ను అసహ్యించుకుంటున్నంతసేపు ఆ నవ్వు గుర్తుకు రాకుండా ఉండేది. అందుకే తెరిపి లేకుండా అసహ్యించుకుంది.

సోమవారం నాడు పెద్ద పని మొదలైంది. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి నారయ్య అనే రైతు రెండు వేల బేనిషాన్ మామిడి అంట్లు కావాలని చెప్పి పోయాడు. అత్త లేదు గనక అంట్ల షెడ్డుకు యమునే పెద్ద అయింది.

అంటు కట్టడం చూడ్డానికి చిన్న పనే. టెంక నుంచి మొలిచిన నాటు మొక్క తల నరికి నడిమికి చీల్చాలి. బేనిషాన్ చెట్టు నుంచి తెచ్చిన పుల్లను రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపాలి. బెరడు కింది పచ్చటి పొర ఆ పొరకు తగలాలి. ప్లాస్టిక్ పట్టీ చుట్టి బిగించాలి. కోతకూ కట్టుకూ నడుమ ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా ఉండకూడదు. కోసిన చోట చెమ్మ ఆరితే ఆ రెండూ ఇక కలవవు. "కోత గాలిని చూడొద్దు," అనేది నర్సింహమ్మ. అందుకే ఆమె ఎడమ పక్కన నాటు మొక్కల కవర్లు, కుడి పక్కన తడిగుడ్డలో పుల్లలు పేర్చుకుని, నడుమ కదలకుండా కూర్చునేది. కత్తి పట్టిన మణికట్టు రాయిలా ఉండేది. పనిమంతురాలు ఎంత గొప్పదైతే ఆ బ్యాండుకు అంత సోమరిగా కనిపిస్తుంది. పన్నెండేళ్లు ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్న యమునకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆ పొద్దున యమున నాటు మొక్కల కవర్లన్నీ షెడ్డుకు ఆ కొసన పెట్టించింది. పుల్లలు ఈ కొసన పెట్టుకుంది. పుల్లను చెక్కింది, అత్త చెక్కినంత తిన్నగా. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని లేచింది. చేతులూపుకుంటూ ఆ కొసదాకా నడిచింది. ఒక కవరు తీసుకుని మళ్లీ నడిచి వచ్చింది. కూర్చుంది. చీల్చింది. దింపింది. గట్టిగా కట్టింది. పై నుంచి ఎవరు చూసినా వంక పెట్టలేని అంటు. లోపల అది అప్పటికే చచ్చిపోయింది.

సాయంత్రం ఆమె పేరు పక్కన పదకొండు వేల నాలుగు వందలు పడింది.

"చూసిన్రా?" అన్నాడు వినీత్, మొహం విప్పార్చుకుని. "అంటు కట్టుకుంట గూడ నడవొచ్చు. మనసుంటే అయితది. రేపటి సంది అందరు యమున లెక్కనే చెయ్యిన్రి."

అందరూ అలాగే చేశారు. వారం చివర యమునకు ప్రెషర్ కుక్కర్ వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ ఆమె వినీత్ కళ్లలోకి సూటిగా చూసి నవ్వింది. ఒక మనిషిని అతని చేతులతోనే గొయ్యి తవ్విస్తూ, పక్కన నిలబడి మంచినీళ్లు అందిస్తున్నట్టు అనిపించింది. అంత తీపి తన జన్మలో ఎరగదు. తను చేసిన తప్పంటూ ఏమీ లేదు. అతను అడుగులు అడిగాడు, వేస్తోంది.

కుక్కర్ ఇంటికి తెచ్చిన రోజు నర్సింహమ్మ దాని మూత తీసి, రబ్బరు చూసి, మళ్లీ పెట్టింది. "నారయ్య అంట్లు ఎట్లున్నయ్?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నయ్ అత్తమ్మా."

అంతకు మించి అడగలేదు. చిక్కుడుకాయలు చేత్తో తుంచడం మానేసి కత్తితో ఏటవాలుగా కోస్తూ కూర్చుంది. పని లేని ఆ వేళ్లు ఊరుకోవడం లేదు. యమున అటు చూడకుండా పొయ్యి రాజేసింది.

రెండో వారంలో ఒక సంగతి జరిగి యమున పగకు అడ్డం వచ్చింది. సునంద ఊరికే కూర్చుని ఉండగా ఆమె బ్యాండు గుండె లెక్క నూట పద్దెనిమిది చూపించింది. వేరే బ్యాండు పెడితే అదీ అంతే. సొరకాయ మాట ఎత్తి అందరూ నవ్వుతుంటే, వినీత్ మాత్రం నవ్వలేదు. కారులో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. థైరాయిడ్ అని తేలింది. ఇంకో ఆరు నెలలు పట్టించుకోకపోతే గుండెకు ఎక్కేదని డాక్టరమ్మ చెప్పిందట.

"గీ ముచ్చట ఎవరికన్నా తెలుస్తుండెనా?" అంది సునంద మర్నాడు, బ్యాండును చెంపకు ఆనించుకుని. "రెండేండ్ల సంది చేతులు వణుకుతుంటే చాయ్ ఎక్కువైందనుకున్న. అల్లుడు సారు మంచోడే యమునా. మీ అత్తమ్మ సంగతి ఒక్కటే తెల్వక చేసిండు. నువ్వు జర చెప్పి చూడు, వింటడు."

"ఎవ్వరు వింటరు?"

"వింటడే. నేను జెప్పనా?"

"నువ్వు నీ గోలీలు యాదిమరువకుండ ఏస్కో, చాలు," అంది యమున.

ఆ రోజంతా ఆమెకు మనసు మనసులో లేదు. శత్రువు మంచివాడని తెలియడమంత చిరాకు ఇంకొకటి ఉండదు. ఆ చవక వస్తువు ఒకరి పనిని సోమరితనమంటుంది, జాగారాన్ని నిద్రంటుంది, సొరకాయకు ప్రాణం పోస్తుంది. మళ్లీ అదే ఒక ఆడదాని ప్రాణం కాపాడుతుంది. ఏదో ఒకటే అయి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం వినీత్ షెడ్డులోకి వచ్చి, వరుసగా నిలబెట్టిన అంట్ల దగ్గర వంగాడు.

"యమునా, వీటికి ఇంక చిగుర్లు రావాలె కదా? మంచిగనే ఉన్నయా?"

అతని గొంతులో నిజమైన సందేహం ఉంది. అప్పటికి తొమ్మిది వందలే కట్టారు. ఒక్క మాట చెబితే మిగతావి బతుకుతాయి. రాంచంద్ర తోటలో ఇంకా పుల్లలున్నాయి, సీజన్ దాటలేదు. ఆ మాట యమున నాలుక మీదికి వచ్చింది కూడా. వచ్చిన మాటను మింగేసింది.

"మస్తుగున్నయ్ సార్. ఫికర్ జెయ్యకున్రి."

నాలుగో వారంలో నారయ్య వచ్చాడు. గుంటలు తీయించే ముందు మొక్కలు ఒకసారి కళ్లారా చూసుకుందామని వచ్చాడు. వెంట రాంచంద్ర, ఆపరేషన్ తర్వాత మొదటిసారి, చేతికర్రతో. పదో కవరు దాటాక రాంచంద్ర నడక ఆగిపోయింది. పుల్లలు నల్లబడి ఉన్నాయి. ఒకటి తీసి వంచితే పుటుక్కున విరిగింది. ఇంకొకటి. ఇంకొకటి.

"ఇదేం అంటు పటేలా, పొయ్యిల కట్టెలు," అన్నాడు నారయ్య.

రెండు వేలల్లో బతికినవి నూరు కూడా లేవు. పని ఆపి అందరూ షెడ్డులో చేరారు. వినీత్ ఫోను తీసి, బోర్డు ఫోటోలు చూపిస్తూ ఏదో చెప్పబోయాడు.

"రోజుకు పదివేలు తక్కువ నడవలేదు మామయ్యా. యమున అయితే నెలంత నంబర్ వన్..."

"నడిచెటోళ్లు నాకెందుకయ్యా? నేనేమన్న కూలోళ్లను బోనాలకు తీస్కపోతున్ననా?" రాంచంద్ర కర్రను నేలకేసి కొట్టాడు. "నర్సింహమ్మ ఏది?"

సునంద చెప్పింది, మాన్పించారని. ఎందుకు మాన్పించారో కూడా చెప్పింది, మాట పొల్లు పోకుండా. మంచం సంగతితో సహా.

రాంచంద్ర అల్లుడి వైపు తిరిగాడు. "ఇరవై ఆరేండ్లు ఆమె ఒక్క జాగల కూసుంటనే గీ నర్సరీ నిలవడ్డది," అన్నాడు. "పో. కార్ల కూసో పో. నువ్వు మాట్లాడకు."

వినీత్ అక్కడే నిలబడిపోయాడు. బోర్డు ముందే. చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచి మూశాడు. యమున నెల రోజులు మనసులో గీసుకున్న బొమ్మ గీతకు గీత అచ్చుగుద్దినట్టు కళ్ల ముందుంది. ఒక్కటే తక్కువ. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు తలలు దించుకున్నారు. సునంద అయితే కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వు కోసమే ఇన్నాళ్లు కాచుకున్నానని యమునకు అప్పుడు తెలిసింది. దీన్ని చూసి ఇరవై మంది నవ్వితే, తన నవ్వు అందులో కలిసి మాసిపోయేది.

రమేశ్ ఆటోలో నర్సింహమ్మను తీసుకొచ్చాడు. ఆమె ఎవరినీ పలకరించలేదు. చచ్చిన అంట్ల మధ్య చతికిలబడి ఒక కవరు ఒళ్లోకి లాక్కుంది. ముడి ఎక్కడుందో చూడకుండానే వేలితో విప్పింది. పుల్లను లాగి కోతను వెలుగుకు పట్టి చూసింది. పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. ఇరవై, ముప్పై. చూసినవాటిని రెండు కుప్పలుగా పెడుతోంది. రాంచంద్ర కర్ర మీద వాలి నిలబడ్డాడు.

"ఇవి సునందోళ్లు కట్టినయ్," అంది చివరికి, ఎడమ కుప్ప చూపించి. "వంకర కోత, వదులు కట్టు. లేస్కుంట నడుస్కుంట కట్టమంటే గిట్లనే అయితది. వాళ్ల తప్పు కాదు."

కుడి కుప్ప దగ్గర ఆమె చేయి ఆగింది.

"ఇవి ఏరే చెయ్యి. కోత సక్కగున్నది. కట్టు గట్టిగున్నది. కోసి, ఆరవెట్టి, అప్పుడు కట్టింది. ఒకటి గాదు, రెండు గాదు, అన్ని గట్లనే. తెల్వనోళ్లు ఇంత సక్కగ చంపలేరు పటేలా."

"ఎవరి చెయ్యి?"

"నేను నేర్పిన చెయ్యి."

అందరి తలలూ యమున వైపు తిరిగాయి. ఆమె అత్త ముందు కూర్చుంది. ఎంత గొంతు తగ్గించినా అందరికీ వినబడింది.

"నీ కోసమే జేసిన అత్తమ్మా."

"నా కోసమా? నేను జెయ్యమన్ననా?" నర్సింహమ్మ గొంతు పెరగలేదు. "నాలుగు వారాలు ఒక్క పొయ్యి మీద వండుకోని తిన్నం. అంట్లెట్లున్నయని నేనే అడిగిన. అప్పుడు గూడ చెప్పలే. చెప్తే ఒద్దంటనని నీకెరుకనే. ఆ అల్లుడు సారుకు నా పని తెల్వదు, పొమ్మన్నడు. నీకు తెల్సు. తెలిసి, నా పనితోని గీ పని జేసినవ్."

యమున కుడి కుప్పలోంచి దొర్లిన పుల్లను తీసి మళ్లీ కుప్పలో పెట్టింది.

"అయితే యమునా, నువ్వు ఇగ..." అన్నాడు రాంచంద్ర.

"వెళ్లగొట్టకు పటేలా," అంది నర్సింహమ్మ లేస్తూ. "రేపటి సంది నేనొస్త. కొత్త పుల్లలు తెప్పియ్యి, నారయ్యకు దసరా లోపల సగమన్న కట్టిస్త. గని దాని చేతికి కత్తియ్యకు. నీళ్లు వట్టే పని ఇయ్యి. నడిచెటందుకు మస్తు శౌక్ ఉన్నది గద."

అప్పుడు లేచింది నవ్వు. సునంద నవ్వింది. నారయ్య నవ్వాడు. కారులోకి పోకుండా అక్కడే నిలబడ్డ వినీత్ కూడా, తన అవమానమంతా మరిచిపోయి, నవ్వాడు.

మర్నాటి నుంచి బోర్డు లేదు. బ్యాండ్లు ఇష్టమున్నవాళ్లు ఉంచుకున్నారు, సునంద విప్పనే లేదు. నర్సింహమ్మ తన గోనెసంచి పరుచుకుని పాత జాగాలో కూర్చుంది. ఇంట్లో మళ్లీ మంచం ఎక్కింది. యమునతో అవసరమైన మాటలన్నీ మాట్లాడుతుంది. ఉప్పు సరిపోయిందంటుంది, రమేశ్ ఆలస్యమైందంటుంది. పనిలో మాత్రం తల ఎత్తదు.

యమున పైపు పట్టుకుని వరుసల వెంట తిరుగుతుంది. కొత్తగా కట్టిన అంటుకు పది రోజులదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు. కొంచెం ఎక్కువైనా వేరు కుళ్లుతుంది, ఆకు రాలదు, పైకి ఏమీ తెలియదు. ఇదీ నర్సింహమ్మ నేర్పిందే. షెడ్డు పక్క వరుసకు వచ్చేసరికి ఆ చేతులు కనిపిస్తాయి. చెక్కడం, దింపడం, కట్టడం. చూపు తిప్పుకోవడం యమున వల్ల కాదు. అంత నేర్పు ఇంకెవరికీ లేదు, తనకు తప్ప.

నాలుగో రోజు ఆ వరుస చివరన నీళ్లు పారుతుండగా నర్సింహమ్మ కత్తి ఆగింది.

"చాలు," అంది, తల ఎత్తకుండానే.

యమున పైపు తీయలేదు. కవరు అంచు దాకా నీళ్లు నిండి, మట్టి రంగు నురగ తేలింది. అత్త చేతిలో చెక్కిన పుల్ల గాలిని చూస్తూ ఉంది. యమున లోలోపల ఐదు దాకా లెక్కపెట్టి, అప్పుడు పైపును పక్క కవరుకు మళ్లించింది. నిన్న మూడు దాకానే లెక్కపెట్టింది.